వేడి మూత మీద వేలు

పొయ్యి కట్టేశాక ఆ వంటింట్లో ఎవరూ మాట్లాడరు. ఫ్యాను ఆపేస్తారు. కుళాయి కారుతుంటే కింద గుడ్డ పెడతారు. మరిగే నీళ్ళలోంచి తీసిన సీసాలు బల్ల మీద, మడత పెట్టిన పాత దుప్పటి పైన వరసగా నిలబడి ఉంటాయి. వాటికి ఎదురుగా కుర్చీలో, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఇంటి పెద్దాయన కూర్చుంటాడు. ఆయన పని వినడం.

వినాల్సింది పెద్ద చప్పుడేం కాదు. సీసా చల్లారే కొద్దీ లోపలి గాలి ముడుచుకుని మూతను కిందికి లాగుతుంది. మూత నడుమ ఉబ్బెత్తుగా ఉన్న చోటు లోపలికి దిగి ‘టక్’మంటుంది. ఆ ఇంట్లో దాన్ని ‘మూత పలకడం’ అంటారు. పలికిన సీసా ఏడాది నిలవ ఉంటుంది. పలకనిదాన్ని వెంటనే తినేయాలి, లేదా మళ్ళీ మరిగించాలి. ఒక్కో మూత పలికినప్పుడల్లా పెద్దాయన బల్ల అంచు మీద వేలితో కొట్టి "పలికింది" అంటాడు. కోడలు ఆయనకు ‘చెవి ఆఫీసరు’ అని పేరు పెట్టింది. ఆ పేరు వీధిలోకీ పాకింది. పాలవాడు కూడా గుమ్మంలో నిలబడి "చెవి ఆఫీసరు గారున్నారా?" అని అడుగుతాడు.

ఆయన చేసి మానేసిన ఉద్యోగం కంపోజిటరుది. అచ్చాపీసులో సీసపు అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, తిరగేసి చదువుకుంటూ వరసలు పేర్చేవాడు. ఆయన బల్లకూ అచ్చు యంత్రానికీ మధ్య ఉన్నది ఒక చెక్క అడ్డు మాత్రమే. ఆపీసు మూతపడ్డ రోజున యజమాని ఎవరికి కావలసింది వాళ్ళను తీసుకెళ్ళమంటే, మిగతావాళ్ళు కుర్చీలూ బీరువాలూ పట్టుకెళ్ళారు. ఈయన ఒక పెట్టెడు అక్షరాలు తెచ్చుకున్నాడు. ఇప్పుడు వాటితో సీసాలకు చీటీలు అచ్చేస్తాడు.

"రిటైరయ్యాక మీకు మారిందేముంది?" అంటుంది ఆయన భార్య. "అప్పుడు సీసం, ఇప్పుడు సీసా. సున్నా పోయి దీర్ఘం వచ్చింది, అంతే."

ఆ ఇంట్లో కొని తెచ్చే వస్తువంటే అందరికీ చిన్నచూపు. సబ్బు చేశారు, అది గట్టిపడనే లేదు. నెలల తరబడి దాంతోనే నేల కడిగారు. కొవ్వొత్తులు పోశారు, వత్తి నిలవలేదు. అల్లంతో పొంగే పానీయం చేసి అటక మీద పెడితే, అది ఒకరోజు మధ్యాహ్నం పేలి పైకప్పుకు మచ్చ చేసింది. సున్నం వేయించినప్పుడల్లా ఆ మచ్చను వదిలేయమని పనివాళ్ళకు పెద్దావిడ చెబుతుంది. "అది మా పరువు. ఉండనివ్వండి" అంటుంది. కోడలు బట్టల దుకాణంలో కుట్టుపని చేస్తుంది. మిగిలిన ఊలుతో సీసాలకు టోపీలు అల్లుతుంది. కొడుకు కూరగాయల వ్యాను నడుపుతాడు. సరుకు ఎప్పుడు చౌకగా దొరికితే అప్పుడు, చెప్పాపెట్టకుండా బుట్టలు దింపేసి వెళ్ళిపోతాడు.

ఇన్ని ప్రయోగాల్లో నిలబడింది టమాటా గుజ్జు ఒక్కటే. దానికి ఉన్న కట్టుబాటు కూడా ఒక్కటే: వేడి మూత మీద వేలు పెట్టకూడదు. పెడితే మూత దిగుతుంది, ‘టక్’ కూడా అంటుంది. కానీ అది లోపలి గాలి లాగితే పలికింది కాదు, మనం నొక్కితే పలికింది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. లోపల సరుకు మాత్రం పాడైపోవచ్చు. ఈ మాట ఆ ఇంట్లో సామెతలా మారింది. కొడుకూ కోడలూ కీచులాడుకుంటుంటే పెద్దాయన మధ్యలో దూరబోతే, "వేడి మూత మీద వేలు పెట్టకండి" అని పెద్దావిడ ఆపేస్తుంది.

తనకు వినిపించడం లేదని ఆయన కనిపెట్టింది ఒకసారి నారింజ జామ్ చేసి చూసిన రోజున. మూతలు దిగి ఉన్నాయి. పలికిన చప్పుడు మాత్రం ఒక్కటీ రాలేదు. ముందు మూతలను అనుమానించాడు, తర్వాత చెవులను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. డాక్టరు దగ్గరకు తీసుకెళతారు, జాలిపడతారు. వంటింట్లో ఆయన కుర్చీ వసారాలోకి పోతుంది. టమాటాలు తరగబోతే వేళ్ళు తెగుతాయంటారు, గరిటె పట్టబోతే అడుగంటుతుందంటారు. ఆ ఇంటి పనిలో ఆయన చేతికి మిగిలింది ఆ వినడం ఒక్కటే.

ఒక ఉపాయం దొరికింది. భార్య ఎదురుగా కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ ఉండేది. మూత పలికినప్పుడల్లా ఆమె చేయి ఆగేది, ఎడమ కనుబొమ పైకి లేచేది. ఆ కనుబొమ లేవగానే ఈయన బల్ల మీద కొట్టి "పలికింది" అనేవాడు. ఎప్పుడూ తప్పలేదు.

ఈ వేసవిలో పెద్దావిడ కంటికి ఆపరేషన్ అయింది. కంటికి కట్టుతో ముందు గదిలో పడుకుంది. పొయ్యి దగ్గరకు వెళ్ళకూడదన్నారు. సరిగ్గా అప్పుడే కొడుకు నాలుగు బుట్టల టమాటాలు దింపాడు.

"ఇప్పుడా? అత్తయ్య మంచం మీద ఉన్నారు కదా!" అంది కోడలు.

"మనిషి ఆగుతుంది, టమాటా ఆగదు" అని వాడు వ్యాను ఎక్కాడు.

కోడలే అన్నీ చేసింది. గుజ్జు తీసింది, నిమ్మరసం కలిపింది, సీసాలు మరిగించింది. పొయ్యి కట్టేసి, ఫ్యాను ఆపి, టోపీ అల్లుతూ కూర్చుంది. పెద్దాయన ఆమె ముఖంలోకి చూశాడు. కోడలికి అల్లేటప్పుడు ముఖంలో ఏదీ కదలదు. ఆయన చూస్తూనే ఉన్నాడు.

"మావయ్యా, ఇందాక రెండు పలికాయి కదా! చెప్పలేదేం?"

"చెప్పబోతున్నా. నువ్వే తొందరపడ్డావు."

కొంచెంసేపటికి అల్లుతున్న ఆమె చేయి ఆగింది. ఆయన ధైర్యం చేసి "పలికింది" అన్నాడు.

"లేదు మావయ్యా, అది నా సూది కింద పడింది."

అత్తగారి కంట్లో చుక్కలు వేయడానికి కోడలు లేచి వెళ్ళింది. పెద్దాయన ఒక్కడే మిగిలాడు. సీసాల మీదికి వంగాడు. ఏది దిగిందో ఏది దిగలేదో ఆ వెలుగులో కళ్ళకు తెలియలేదు. చూపుడు వేలితో మొదటి మూతను తాకాడు. అది గట్టిగానే ఉంది. రెండోది వేలి కింద మెత్తగా దిగింది. తర్వాత వరసపెట్టి అన్నీ తాకాడు. వేలు చురుక్కుమంది.

కోడలు తిరిగొచ్చేసరికి ఆయన చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయి.

"అన్నీ పలికాయమ్మా."

"ఇంతలోనే? ఆఫీసరు గారి ఎదుట మూతలు కూడా భయపడుతున్నాయి!" అని నవ్వి, సీసాలు చల్లారాక ఆమె ఒక్కొక్కదానికీ టోపీ తొడిగింది. "వీటిని చలికాలం దాకా ముట్టుకోను. మొదటి సీసా అత్తయ్యకే" అంటూ అరలో పేర్చింది.

టోపీలు పెట్టుకున్న సీసాలన్నీ ఒకేలా ఉన్నాయి. వాటిలో ఏది దానంతట అది పలికిందో, ఏది తాను నొక్కితే పలికిందో ఆయనకు తెలియదు. ఆయన లేచి ముందు గదిలోకి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాడు.

"ఇదిగో, నేను వేడి మూత మీద వేలు పెట్టాను."

"ఎవరి గొడవలో?" అందావిడ, కళ్ళు తెరవకుండానే.

"గొడవ కాదు. నిజం మూతే. అన్నిటి మీదా పెట్టాను. నాకు వినపడదు. చాలాకాలమైంది."

"నాకు తెలుసు."

ఆయనకు ఆ మాట సరిగ్గా అందలేదు. "ఏమన్నావు?" అని వంగాడు.

"తెలుసూ అన్నాను!" ఆవిడ అరిచింది. "రెండేళ్ళ నుంచి మీ కోసం కనుబొమ ఎగరేసి ఎగరేసి నొసలు నొప్పెడుతోంది. లేకపోతే వెల్లుల్లి ఒలవడానికి కనుబొమలెందుకండీ?"

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. వేలు కమిలి ఉంది. ఆవిడ తడుముకుంటూ ఆ చేయి పట్టుకుని, తన నొసటి మీద పెట్టుకోవడానికి తెచ్చిన చల్లటి తడిగుడ్డను ఆ వేలికి చుట్టింది.

అరుపుకు కోడలు పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడింది. అంతకుముందు ఆయన చెప్పింది కూడా ఆమెకు వంటింట్లోకే వినిపించింది. వాళ్ళిద్దరినీ చూసి వెనక్కి వెళ్ళి సీసాల టోపీలు తీయడం మొదలుపెట్టింది. పెద్దాయన వెనకే వెళ్ళాడు.

"నా కుర్చీ వసారాలో వేయించమ్మా."

"కుర్చీ సంగతి తర్వాత. ముందు ఈ సీసాలన్నీ విప్పి, కొత్త మూతలు పెట్టి మళ్ళీ మరిగించాలి. మంట చూడండి మావయ్యా."

"మళ్ళీ పలకాలి కదా. ఎవరు వింటారు?"

"చెవులు పోతే పోయాయి, కళ్ళున్నాయిగా ఆయనకు! నాకిప్పుడు అవి కూడా లేవు" అని ముందు గదిలోంచి పెద్దావిడ అరిచింది.

కోడలు ఒక చొక్కా గుండీ తెచ్చి మరిగించిన సీసా మూత మీద పెట్టింది. మూత పలికింది. గుండీ కాస్త వణికిందేమో, ఆయన కంటికి ఆనలేదు. ఇంకో మూత మీద ఊలు ఉండ పెట్టి చూసింది. అది అసలే కదల్లేదు. అప్పుడు పెద్దాయన లేచి తన పెట్టె తెచ్చాడు. అన్నిటికన్నా చిన్న సైజు అక్షరాలు, బరువే లేనివి, ఏరాడు. మామూలుగా ఆ సీసం ముట్టుకున్న చేత్తో వంటింట్లోకి రానివ్వరు. "మూత పైనే కదా, తర్వాత అన్నీ కడిగేద్దాం. మీరు కూడా సబ్బుతో కడుక్కోండి" అంది కోడలు. జన్మంతా వరసలు పేర్చిన చేతులు. ఇంకా పలకని మూతల మీద ఒక్కటీ తూలకుండా మూతకొక అక్షరం చొప్పున నిలబెట్టాడు.

కాసేపటికి మొదటి అక్షరం తూలి, దొర్లి, దుప్పటి మీద పడింది.

"‘క’ పడింది!" అని ఆయన కేకేశాడు.

"మామూలు ‘క’నా, ఒత్తు ‘ఖ’నా?" ముందు గదిలోంచి ప్రశ్న.

"ఏం?" అన్నాడాయన.

"మామూలుదే అత్తయ్యా!" అని కోడలు బదులు చెప్పింది. "మావయ్యా, మీ కుడి పక్కన ‘ల’ కూడా పోయింది!"

వ్యాను ఆపి వచ్చిన కొడుకు గుమ్మం దగ్గరే ఆగి, అలవాటు ప్రకారం వేలు పెదవి మీద పెట్టుకుని గుసగుసగా అడిగాడు. "మాట్లాడొచ్చా?"

"ఏమంటున్నాడు?"

"మాట్లాడొచ్చా అంటున్నాడు మావయ్యా!"

"మాట్లాడమను. ఇక్కడ వినేవాడెవడూ లేడు."

ఫ్యాను వేశారు. కుళాయి కింద గుడ్డ తీసేశారు. సీసాల ముందు గోల ఆ ఇంట్లో అదే మొదలు.

పదిహేడు అక్షరాలు పడ్డాయి. మూలనున్న బండి ‘ఱ’ ఒక్కటి ఎంతసేపటికీ పడలేదు. అచ్చాపీసులో కూడా దానికి పెద్దగా పనుండేది కాదు. ఆ సీసా విప్పి, గుజ్జు రొట్టెల మీద పూసుకుని సాయంత్రమే తినేశారు.