మిద్దె మీద రేకుల వాన

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నేను అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయేదాన్ని. భయంతో కాదు, విసుగుతో. చిన్నప్పుడు మా ఊళ్ళో ఎవరికి జ్వరం వచ్చినా గాలి సోకిందనేవాళ్ళు. మాత్ర వేసుకోగానే ఆ గాలి పోయేది. అప్పటి నుంచే నాకు ఆ నమ్మకం లేదు. ఇప్పటికీ లేదనే చెబుతాను. ఎవరినీ నమ్మించాలని ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట పెట్టుకోవాలని, అంతే.

మాది గోరంట్లకూ కదిరికీ మధ్య ఒక పల్లె. మా ఆయన చంద్రశేఖర్‌ది ధర్మవరం, మగ్గాల ఇల్లు. శేఖర్‌కు మగ్గం మీద కూర్చోవడం ఇష్టం లేదు గానీ చీరలను మాత్రం వదల్లేదు. కంప్యూటర్లో అంచులు, కొంగులు గీసి నేతవాళ్ళకు పంపేవాడు. నేను ఒక బెంగళూరు కంపెనీకి కస్టమర్ల ఫిర్యాదులకు జవాబులు రాస్తాను. ఇద్దరికీ కావలసింది ల్యాప్‌టాప్, కరెంటు, నెట్. ఎక్కడ కూర్చున్నా పని ఒకటే అయినప్పుడు ఈ ఎండలో ఎందుకు, సముద్రం పక్కన కూర్చుందాం అన్నాడు. అలా అండమాన్‌లో ఒక చిన్న దీవికి వెళ్ళాం.

అద్దెకు తీసుకున్న ఇంటికి వెదురు తడికెల గోడలు, పైన రేకులు. ముందు కొబ్బరిచెట్లు, కాస్త నడిస్తే సముద్రం. ఫోటోలు చూసి మావాళ్ళు స్వర్గం అనేవాళ్ళు. నిజానికి అక్కడ బట్టలు ఆరేవి కావు. ల్యాప్‌టాప్ సంచికి బూజు పట్టేది. గాలి గట్టిగా వీస్తే నెట్ పోయేది, కుర్చీ ఎత్తుకుని సిగ్నల్ కోసం ఇల్లంతా తిరిగేవాళ్ళం. అయినా బాగుండేది. మధ్యాహ్నం పని ఆపి అన్నానికి కూర్చునే వేళకు ఆ రేకుల మీద వాన మొదలయ్యేది. పక్కనున్న మనిషి మాట వినబడేది కాదు.

సరిగ్గా ఆ వేళకే మా అన్న రామాంజి ఫోన్ చేసేవాడు. అన్నకు ఊళ్ళో మెట్టచేను, ఒక మంద గొర్రెలు ఉండేవి. బోరు ఎండిపోయి చాలా కాలమైంది. వాన పడితే పంట, లేకపోతే లేదు.

"మ్మే, వాన పడతాండాదా ఆడ?"

"పడతాండాది న్నా."

"ఫోను బయటికి పట్టు. ఇంటాను."

నేను కిటికీలోంచి చెయ్యి చాచి ఫోన్ పట్టుకునేదాన్ని. అన్న ఏమీ మాట్లాడకుండా వినేవాడు. చెయ్యి నొప్పి పుట్టి నేను లోపలికి తీసుకోబోతే, "పాపం, ఇంకా కొంచెంసేపు విననీ" అనేవాడు శేఖర్.

రెండో వానాకాలంలో శేఖర్‌కు జ్వరం వచ్చింది. దీవిలోని చిన్న ఆస్పత్రిలో చూసి పోర్ట్‌బ్లెయిర్ తీసుకెళ్ళమన్నారు. సముద్రం అల్లకల్లోలంగా ఉందని పడవలు ఆపేశారు. రేపు పడవ కదులుతుందన్నారు. మర్నాడూ అదే మాట. చివరికి పడవ కదిలేసరికి శేఖర్‌కు నన్ను గుర్తుపట్టే స్పృహ లేదు. రేవు కనబడుతుండగా పడవలోనే పోయాడు. దీని గురించి ఇంతకంటే రాయలేను.

ధర్మవరంలో కర్మలు అయ్యాక అన్న వచ్చి నన్ను తన ఇంటికి తీసుకొచ్చాడు. గొర్రెల దొడ్డి పక్కన ఉన్న గది ఇచ్చారు. కాంక్రీటు మిద్దె, గచ్చు నేల, ఒక కిటికీ. ఆ ఇంట్లో రేకు అనేది ఎక్కడా లేదు. దొడ్డికి కూడా గడ్డి కప్పే. ఈ సంగతి ముందే చెప్పడం అవసరం. కొన్నాళ్ళకు మళ్ళీ ల్యాప్‌టాప్ తెరిచాను. అవే ఫిర్యాదులు, అవే జవాబులు. తలెత్తితే కిటికీలోంచి ఎర్రమట్టి, కంపచెట్లు.

ఎండాకాలం ముగుస్తుండగా ఒక మధ్యాహ్నం, మా వదిన లక్ష్మీదేవి వంటింట్లోంచి పరిగెత్తుకుంటూ వెళ్ళి మిద్దె మీద ఆరేసిన బట్టలన్నీ పోగేసుకుని దిగింది. వాకిట్లో ఎండ నిప్పులు చెరుగుతోంది. బట్టలు ఒళ్ళో పట్టుకుని ఆకాశం వంక చూస్తూ నిలబడిపోయింది.

"వాన పడె కదా పాపా? నీ గదిపైన పెద్ద శబ్దం ఇనపడె కదా?"

నాకేమీ వినబడలేదన్నాను. ఎండకు భ్రమపడి ఉంటానని తనే నవ్వుకుంది. రెండు మూడు రోజుల తర్వాత అన్న అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు. గది గుమ్మంలో నిలబడి నా ల్యాప్‌టాప్ వైపు చూశాడు.

"దాంట్లో ఏమన్నా వాన పెట్టినావా మ్మే?"

లేదన్నాను. ఆపి చూపించాను. అన్న కదల్లేదు. తల పైకెత్తి కప్పును చూస్తున్నాడు. ఆ మొహం ఇంకా నా కళ్ళముందే ఉంది. ఆకలిగా ఉన్నవాడు అన్నం కుండ మూత తీసినప్పుడు ఉండే మొహం.

"మిద్దె మీద పడే వాన ఇట్ల మోగదు," అంది వెనక నుంచి వదిన. "రేకుల మీద పడినట్ల ఉండాది."

ఆ రోజు నుంచి దాదాపు రోజూ, మధ్యాహ్నం అన్నాల వేళకు. ఇద్దరికీ వినబడేది. నాకు మాత్రం ఒక్కసారి కూడా వినబడలేదు.

నేను వెతకని కారణం లేదు. మిద్దె ఎక్కి చూశాను. పైన ఖాళీ తొట్టి తప్ప ఏమీ లేదు. పైపుల్లో నీళ్ళు రావడమే అపురూపం, అవి కారే ప్రశ్న లేదు. దగ్గర్లో పిండిమర లేదు, మోటారు లేదు. వాళ్ళకు వినబడుతున్న సమయంలోనే ఫోన్‌లో రికార్డు చేశాను. వేసి వింటే ఫ్యాను శబ్దం ఒక్కటే వచ్చింది. అన్న మనసులో నాటుకున్న ఆ ఫోన్ వానే మళ్ళీ మోగుతోందని, అన్నను చూసి వదిన కూడా వింటున్నట్టు అనుకుంటోందని సమాధానం చెప్పుకున్నాను. కానీ మొదట విన్నది వదిన. ఆమె ఎప్పుడూ ఆ ఫోన్ చెవికి పెట్టుకోలేదు. నా చెవుల్లోనే లోపం ఉందేమోనని కదిరిలో డాక్టర్‌కు చూపించుకున్నాను. చెవులు బాగున్నాయన్నాడు.

తర్వాత గొర్రెల సంగతి గమనించాను. ఇది నేను నా కళ్ళతో చూశాను కాబట్టి గట్టిగా చెప్పగలను. మధ్యాహ్నం అవి వేపచెట్టు నీడలో పడుకునేవి. వదిన "మొదలాయ" అన్న క్షణానికి ఒక్కొక్కటే లేచేవి. నీడ వదిలి ఎండలోకి వచ్చి, నా గది గోడకు ఒత్తుకుని, తలలు కిందికి వంచి ఒకదాని కడుపు కింద ఒకటి దూర్చుకుని నిలబడేవి. గొర్రెలు వానకు అలా నిలబడతాయి. ఎండకు నిలబడవు. కిటికీలోంచి చూస్తుంటే వాటి ఉన్ని మీద దుమ్ము పొడిపొడిగా ఉండేది.

అన్న అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నాడు. గొర్రెలు అమ్మేసి, వదినను తీసుకుని బెంగళూరులో ఏదైనా అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా చేరదామని. మందను చూడటానికి మడకశిర వైపు నుంచి ఒక బేరగాడు వచ్చాడు. పెద్దమనిషి, మాటలో కన్నడం కలుస్తుంది. శేఖర్ గురించి గానీ, శబ్దం గురించి గానీ అతనికి తెలిసే అవకాశం లేదు. బేరం కుదిరింది. వదిన మజ్జిగ ఇస్తే వసారాలో కూర్చుని తాగుతున్నాడు. ఉన్నట్టుండి గ్లాసు కింద పెట్టి లేచాడు.

"ఏమప్పా, వాన అట్ల కొడతాంటే జీవాల్ని బయట పెట్టినారే? లోపలికి తోలండప్పా!"

అతను వాకిట్లోకి దిగాడు. పైన ఒక్క మబ్బు లేదు. గోడకు ఒత్తుకున్న గొర్రెలను చూశాడు. నా గది కప్పు చూశాడు. చెప్పులు తొడుక్కుంటూ, "ఈ ఇంటి జీవాలు నాకొద్దప్పా" అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ వైపు బేరగాళ్ళెవరూ మా గడప తొక్కలేదు.

నేను భయపడ్డాను. అన్న మాత్రం ఆ సాయంత్రం ఎన్నడూ లేనంత హుషారుగా ఉన్నాడు.

"బయటోనికి గూడ ఇనపడె చూస్తివా! ఇది శేఖర పంపిస్తాండే వాన మ్మే. ఈ తూరి మనకు పడతాది. యాడికీ పోయేది లేదు."

"చచ్చిపోయిన మనిషి వాన పంపడు న్నా. ఉత్త శబ్దాన్ని నమ్మి ఇత్తనం ఏయొద్దు. నాకైతే ఆ శబ్దం గూడ లేదు."

"నీకు ఇనపడకపోతే లేనట్లా?"



ముంగారు వానల మొదట్లో ఒక సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి. దుమ్ము అణిగింది, అంతే. ఊళ్ళో రైతులంతా ఆగారు. ఈ కాస్త తడి పదునుకు వేస్తే మొలకొచ్చి మాడిపోతుందని అన్నకు చెప్పారు. అన్న వినలేదు. ఉన్న చేనంతా శెనక్కాయ వేశాడు. మొలకలు వచ్చాయి కూడా. వదిన, నేను చూడటానికి వెళితే గట్టు మీద కూర్చుని పిల్లల్ని చూపించినట్టు చూపించాడు.

మళ్ళీ చినుకు లేదు. గాలి మాత్రం వీచింది, రాత్రీ పగలూ. మబ్బులు వచ్చి మా మీదుగా వెళ్ళిపోయేవి. ఆకులు ముందు ముడుచుకున్నాయి, తర్వాత పసుపురంగు తిరిగాయి, తర్వాత చేత్తో పట్టుకుంటే పొడి అయ్యాయి. అదే సమయంలో గదిలో వాన హెచ్చిందని వదిన చెప్పింది. ఇంతకుముందు అన్నాల వేళకే ఉండేది, ఇప్పుడు పొద్దు వాలేదాకా ఆగడం లేదట. ఆమె చెవుల్లో దూది పెట్టుకుని వంట చేసేది.

ఒకరోజు అన్న చేను నుంచి నేరుగా నా గదిలోకి వచ్చాడు. కాళ్ళకు మట్టి, చేతిలో పీకిన శెనక్కాయ చెట్టు ఒకటి, వేళ్ళు ఎండిపోయి ఉన్నాయి. నేను పని చేసుకుంటున్నాను. నా వైపు చూడలేదు. కప్పు వైపు చూసి అరిచాడు.

"ఈడ గాదురా! ఈడ పడి ఏమి లాభం? ఆడ పడు! చేన్లో పడురా!"

గొంతు చిరిగిపోయేలా అరిచాడు. శబ్దంలో తన మాట వినబడదని అనుకునే మనిషి అరిచినట్టు. నాకు మాత్రం ఆ గది నిశ్శబ్దంగా ఉంది. ఫ్యాను కూడా ఆగి ఉంది, కరెంటు లేదు. అంత నిశ్శబ్దంలో అన్న ఒక్కడే అరుస్తున్నాడు. తర్వాత గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చాడు. మా అన్న ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

మర్నాడు ఆ చేన్లోకి గొర్రెలను వదిలేశాడు. అవి బక్కచిక్కి ఉన్నాయి. తర్వాత కదిరి సంతలో ఎవరో అడిగిన ధరకు అమ్మేశాడు. బెంగళూరులో పని కుదిరింది. నన్నూ రమ్మన్నారు. ఇక్కడ నెట్ బాగుందని సాకు చెప్పాను. అది వాళ్ళూ నమ్మలేదు. నేను ఎందుకు కదలనో వాళ్ళకు తెలుసు.

కదిరి బస్టాండులో అన్న సామాను పైకి ఎక్కిస్తుండగా వదిన నన్ను పక్కకు పిలిచింది.

"ఒక మాట చెప్పల్ల పాపా. మీ అన్నకి గూడ చెప్పలే. ఆ వాన నడుమ అప్పుడప్పుడు మనిషి గొంతు ఇనపడేది."

"ఏమని?"

"'నువ్వు ఇట్ల జరుగు గిరీ, నీమీద కారతాండాది' అని. అదే మాట, అంతే. నువ్వు గుండె పగిలి చస్తావని చెప్పలే."

నా పేరు గిరిజ. గిరీ అని నన్ను శేఖర్ ఒక్కడే పిలిచేవాడు, అదీ మేమిద్దరమే ఉన్నప్పుడు. పడవల కోసం ఎదురుచూసిన ఆ రోజుల్లో మంచం పక్కన కప్పు ఒకచోట కారేది. నేను కింద చాప మీద కూర్చునేదాన్ని. జ్వరంలో మాట తడబడుతూ శేఖర్ నాతో చివరిగా అన్న మాట అదే, అక్షరం తేడా లేకుండా. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. నిద్రలో కలవరించి ఉంటే వదిన విని ఉండవచ్చు. ఆ అవకాశం ఉందని ఒప్పుకుంటాను. కానీ ఆ గదిలో నేను ఒంటరిగా తలుపేసుకుని పడుకునేదాన్ని. గొర్రెలకు నా కలవరింతలు ఎలా తెలుస్తాయి? ఆ మడకశిర మనిషికి ఎలా తెలుస్తాయి?

బస్సు వెళ్ళిపోయింది. నేను ఆటోలో వెనక్కి వచ్చాను.

ఇదంతా ఏమిటో నాకు తెలియదు. దయ్యం అనను, ఆ మాట శేఖర్‌కు వాడలేను. మాయ అందామంటే అది అన్న చేనును తిన్నది. వచ్చింది శేఖరే అయితే, ఇంటికొచ్చిన బేరగాడికి కూడా వినబడి నాకు ఎందుకు వినబడలేదో ఎంత ఆలోచించినా అంతుపట్టదు.

మధ్యాహ్నం పని ఆపి, ఫ్యాను ఆపి కూర్చుంటాను. ఇంట్లో ఇంకెవరూ లేరు. దొడ్డి ఖాళీ. ఇప్పుడు ఆ గదిలో వాన పడుతోందో లేదో నాకు చెప్పేవాళ్ళు కూడా లేరు.