అయ్యగారు ఆషాఢాన్ని తీసేసిన వారం

ఆ రోజుల్లో నాకు ఎవరి మీదా అనుమానం ఉండేది కాదు. డిగ్రీ అయిపోయింది, కంప్యూటర్ కోర్సు అయిపోయింది, మెదక్‌లో మా చిన్నమామ ఫంక్షన్ హాలుకు వెబ్‌సైట్ చేసే పని దొరికింది. (దొరకడమేమిటి, అమ్మ వెళ్లి అడిగింది.) "ఇంకా రిజిస్టర్ ఎందుకు మామా!" అని దాన్ని మాన్పించి బుకింగులన్నీ అందులోకే ఎక్కించాను. వెబ్‌సైట్ కట్టడానికి నేను వాడిన సరంజామాతోపాటే, లోపలి లెక్కలన్నీ మార్చగలిగే అడ్మిన్ పేజీ ఒకటి తయారుగా వస్తుంది. అది ఇంటివాళ్ల కోసం. బయటివాళ్లకు వేరే పేజీలు కట్టివ్వాలని కోర్సులో చెప్పారు. కట్టాలంటే నెల పడుతుంది. అందుకని టెంట్‌హౌస్ ఆయనకూ, వంటమేస్త్రీకీ, ముహూర్తాలు చూసే అయ్యగారికీ ఆ అడ్మిన్ పేజీకే తలా ఒక పాస్‌వర్డ్ ఇచ్చేశాను.

మర్నాడే అయ్యగారి ఫోన్. "ఏందమ్మా, లోపటికి పోతే ఏం కనిపిస్తలేదు, ఖాళీ గోడ ఉన్నట్టున్నది." ఎవరికి ఏది చూపాలో ఒక్కొక్కటే ఎంచి టిక్కు పెట్టాలి. ఆయన మూడోసారి ఫోన్ చేసేసరికి సిగ్గేసి, అన్ని అధికారాలూ ఒకేసారి ఇచ్చే టిక్కు ఉంటే అదే పెట్టేశాను. "ఇప్పుడు మస్తు కనిపిస్తున్నది తల్లీ, సల్లగుండు!"

వారం తిరక్కుండానే ఒక బస్సు డ్రైవర్ పత్రిక పట్టుకుని మామ దగ్గరికి వచ్చాడు. "రిటైర్‌మెంట్ ఫంక్షన్ సార్. మీ హాల్లనే గదా, తప్పకుండ రావాలె." మామ తేదీ చూసి నావైపు చూశాడు. ఆ రోజు ఖాళీగా కనిపించిందని ముందురోజే విత్తనాల డీలర్లు రైతులకు పెట్టే మీటింగుకు ఇచ్చేశాడు.

అయ్యగారిని అడిగితే, "ఆషాఢంల పెండ్లిండ్లు యాడియమ్మా? ఆ తేదీలు ఎందుకని తీసేసిన" అన్నారు.

"తీసేటప్పుడు అది ఏం అడగలేదా అయ్యగారూ?"

"అడిగింది. ఖాయమేనా అన్నది. ఖాయమే అన్న."

తేదీలతోపాటు వాటికి తగిలించిన బుకింగులన్నీ పోయాయి, పేర్లూ ఫోన్ నంబర్లతో సహా. (నకలు తీసి దాచుకోమని కూడా కోర్సులో చెప్పారు.)

"ఇంక ఎంతమంది ఉన్నరే?" అన్నాడు మామ.

"తెల్వదు మామా."

ఆ నెలంతా నాకు కుదురు లేదు. చేతిలో కార్డుతో ఎవరు గేటు దాటినా లేచి నిలబడేదాన్ని, కరెంటు బిల్లు ఇచ్చే ఆయన్ను కూడా "ఏ తేదీ అన్నా?" అని అడిగాను. ఇంకో ఇద్దరు వచ్చారు, సర్దాం. డ్రైవర్‌కు పై అంతస్తులోని డైనింగ్ హాలు ఇచ్చి, ఆయన చిన్నబుచ్చుకుంటాడేమోనని మెట్ల దగ్గరే నిలబడ్డాను. కింద మీటింగుకు వచ్చిన వాళ్లలో సగం హవేలిఘనపూర్ వైపు రైతులు, ఏళ్లతరబడి ఆయన బస్సెక్కినవాళ్లు. "అరె, మన డ్రైవరన్న!" అంటూ అందరూ పైకెక్కేశారు. విత్తనాల ఆయన ఖాళీ కుర్చీలకు ఉపన్యాసం చెప్పాడు. అన్నం సరిపోక మామ మళ్లీ పొయ్యి వెలిగించాడు.

ఇదంతా జరిగి ఏళ్లయింది. ఇప్పుడు నాకు చంటిపాప, సోమవారం నుంచి నేను మళ్లీ ఉద్యోగానికి పోవాలి. పాపను అత్తమ్మ చూసుకుంటుంది. ఆమె ఏమేం చేయాలో, నన్ను అడక్కుండా ఏమేం చేయకూడదో రాసిన కాగితం ఇప్పటికి నాలుగు పేజీలైంది. "నలుగురిని పెంచిన బిడ్డా, నాకు గీ కాయిదాలెందుకు?" అని నవ్వి పడుకుంది. అడిగిన పాపానికి అన్ని తాళాలూ ఒక్క టిక్కుతో అయ్యగారికి అప్పగించిన ఆనాటి పిల్ల, అంటే నేను, మూర్ఖురాలే. అయినా ఈ రాత్రి ఐదో పేజీ మొదలుపెడుతుంటే, దాన్ని తిట్టడానికి నోరు రావడం లేదు.