గుండ్లవాగుకు దూరపు సంబంధం

నిపుణుల్ని వెతికి పట్టుకురావడం నా ఉద్యోగం. జీతం నాకే ఇస్తారు. పట్టుకొచ్చింది మాత్రం పెళ్లిళ్లు కుదిర్చే విరూపాక్షయ్య. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, వెంటనే నవ్వూ వస్తుంది.

జహీరాబాద్ బస్టాండు ఎదుట చాయ్ హోటల్లో మూల బల్ల ఆయన ఆఫీసు. నుదుట విభూతి, చంకలో బయోడేటాల సంచి. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగింటిలోనూ "పిల్ల బంగారం" అనగలడు. మిగతా మాటలు ఏ భాషలోనూ సరిగ్గా రావు, వాటితో ఆయనకు పని లేదు. తాను కలిపిన జంట ఒక్కటీ పెటాకులు కాలేదని ఆయన గొప్ప. అది నిజమేనని ఊరంతా ఒప్పుకుంటుంది, అదే నాకు కష్టంగా ఉంటుంది.

మొగుడంపల్లి మండలంలో గుండ్లవాగు పక్కన మీదివాడ, కిందివాడ అని రెండు వాడలున్నాయి. వాన నీళ్లు పరుగెత్తిపోకుండా ఊళ్లోనే ఇంకేలా చేయడానికి అక్కడికి వాటర్‌షెడ్ పథకం వచ్చింది. నేను దానికి ఫీల్డు మనిషిని. వాగుకు కట్ట ఎక్కడ వేయాలన్నది పేచీ. మీదివాడ పెద్ద జగ్గయ్య తన బావి పక్కనే అంటాడు. కిందివాడ పెద్ద ఎంకయ్య తన కందిచేను పక్కనే అంటాడు. రెండు వాడలూ ఒప్పుకునే శాస్త్రవేత్త ఒకరు వచ్చి చెప్తే తప్ప తట్టెడు మట్టి కదలదు.

ఇందులో విరూపాక్షయ్య బాధ వేరు. జగ్గయ్య కూతురు జ్యోతిని ఎంకయ్య కొడుకు వెంకట్‌కు కుదిర్చింది ఆయనే. ఆషాఢమని కొత్త కోడలు పుట్టింటికి వచ్చింది. అంతలో కట్ట గొడవ రాజుకుంది. దీపావళి దాటినా జగ్గయ్య పిల్లను తిరిగి పంపలేదు.

"నీళ్లు కిందికి పోనియ్య, బిడ్డను గూడ పోనియ్య" అని రచ్చకట్ట మీదే చెప్పేశాడు.

జ్యోతి పొద్దుగూకే వేళకు మీదివాడ గట్టు మీద నిలబడేది. కింద వెంకట్ అవసరమున్నా లేకున్నా ట్రాక్టరు హారను కొట్టేవాడు. దానికి రెండు వాడల కుక్కలూ మొరిగేవి. భార్యాభర్తల మధ్య సంసారం అంతవరకే మిగిలింది.

ఒకరోజు విరూపాక్షయ్య చాయ్ కూడా చెప్పకుండా నన్ను పిలిచాడు.

"చందరూ, ఆ పిల్ల మొహం యాదికొస్తే నాకు బువ్వ దిగుతలేదు. నీ సైంటిస్టు దొరికేదాక నా సంబంధం గాలిల్నే ఉంటది. నీతోని అయితలేదు గని, నేనే దేవులాడ్త."

నాకు కోపం వచ్చింది. పెద్ద పెద్ద సంస్థలకు నేను మెయిళ్లు పంపి ఉన్నాను. ఒకచోటి నుంచి జవాబు కూడా వచ్చింది. సారు సెలవులో ఉన్నారని, అదీ వాళ్ల కంప్యూటరే రాసింది.

మొదట సంగారెడ్డిలో మట్టి పరీక్షల ఆయన నంబరు నేనే ఇచ్చాను. విరూపాక్షయ్య ఫోన్ చేసి, మట్టి ఊసెత్తకుండా, "సారూ, మీ మేనమామలది ఏ ఊరు? మీ మరదల్ని ఏడ ఇచ్చిన్రు?" అని మొదలుపెట్టాడు. నేను సైగలు చేస్తుంటే ఫోన్ అరచేత్తో మూసి నన్నే కసిరాడు.

"మట్టి సంగతి ఆయనకు ఎర్కనే ఉంటది. చుట్టరికం సంగతే మనం అర్సుకోవాలె."

తీరా చూస్తే ఆయన మరదల్ని జగ్గయ్య తమ్ముడి ఇంటికే ఇచ్చారు. కొట్టివేత. బీదర్‌లో నీటి లెక్కల మనిషి దొరికాడు, ఆయన మేనత్త కిందివాడ కోడలు. కొట్టివేత. హైదరాబాద్ నుంచి ఏ బంధుత్వమూ లేని రిటైర్డ్ ఇంజినీరు వచ్చాడు. జగ్గయ్య ఆయన్ను కూర్చోబెట్టి మటన్ పెట్టాడు. సాయంత్రానికి ఎంకయ్య తీర్పు చెప్పేశాడు: "మీదివాడ నల్లిబొక్క చప్పరించినోడు కింది దిక్కు చూస్తడా?"

ఆ పెద్దమనిషికి ఇప్పటికీ తెలియదు, తన విద్య ఒక మటన్ ఎముక దగ్గర ఓడిపోయిందని.

"దగ్గరి సంబంధాలన్నీ గిట్లనే ఉంటయి. దూరం పోవాలె" అన్నాడు విరూపాక్షయ్య. పోయాడు, ఫోన్లోనే. నిజామాబాద్‌లో జగ్గయ్యకు బావమరిది వరసవాడు తేలాడు. రాజమండ్రిలో ఎంకయ్యకు షడ్డకుడి స్నేహితుడు తేలాడు.

"ఇంకా పోతే సముద్రమే కాకా" అన్నాను విసుగ్గా.

"సముద్రంల ఈళ్లకు చుట్టాలు లేరు గద?" అన్నాడు, కళ్లు మెరుస్తుండగా.

పెళ్లిళ్లు కుదిర్చేవాళ్లకు ఫోన్లో ఒక గ్రూపు ఉందట. అందులో కాకినాడ వైపు సంబంధాలు చూసే ఒకాయన వెంటనే మాట అందుకున్నాడు. గోదావరి సముద్రంలో కలిసేచోట నీటి మీద, ఒండ్రు మీద పరిశోధన చేసే డాక్టర్ కృప అనే ఆవిడ ఉందనీ, తెచ్చిన సంబంధమల్లా తిప్పికొట్టి తన వ్యాపారం పాడుచేసిందనీ, కావాలంటే తీసుకుపొమ్మనీ అన్నాడు.

పెళ్లిళ్ల మనిషి గొంతు వినగానే కృప మూడుసార్లు ఫోన్ పెట్టేసింది. నాలుగోసారి విరూపాక్షయ్య గడగడా చెప్పేశాడు.

"అమ్మా, పెట్టెయ్యకు! పెండ్లికొడుకు లేడు! వాగున్నది!"

అవతల గట్టిగా నవ్వు వినబడింది. "ఇన్నాళ్లకు మంచి సంబంధం తెచ్చారండీ. వస్తాను" అంది.

నేను గొణుక్కున్నాను. ఏరు సముద్రంలో కలిసేచోటును వాళ్లు ఏటిమొగ అంటారు. మాకు ఏరే వానాకాలం చుట్టం. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు, గుండ్లవాగు కోసం ఏటిమొగ నిపుణురాలా? పైగా ఆవిడ వచ్చిన రోజు విరూపాక్షయ్య పెట్టిన కట్టుబాట్లకు అంతులేదు. భోజనం చిరాగ్‌పల్లి దగ్గర హైవే దాబాలో. నీళ్లు ఆవిడ సీసాలోవే. ఊళ్లో ఎవరింట చాయ్ వాసన వచ్చినా ముక్కు తిప్పుకోవాలి.

కృప చెప్పులు చేత్తో పట్టుకుని వాగు కింది నుంచి పైదాకా నడిచింది. రెండు వాడలూ వెనకాలే నడిచాయి, ఒకటి కుడి ఒడ్డున, ఒకటి ఎడమ ఒడ్డున. ఆవిడ అక్కడక్కడ మట్టి తీసి, వేళ్ల మధ్య నలిపి, కవర్లలో వేసుకుంది. చివరికి మీదివాడ గట్టు మీద అందరూ కూర్చున్నారు. జ్యోతి తమ ఇంటి గోడ పక్కన నిలబడింది. ఎంకయ్య వెనకాల వెంకట్, హారను లేక చేతులు ఏం చేసుకోవాలో తెలియక నిలబడ్డాడు.

అంతా బాగానే ఉంది. అప్పుడు జగ్గయ్య అడిగాడు.

"మేడమ్, మీది ఏ ఊరు?"

"గోదావరి సముద్రంలో కలిసే దగ్గరండీ. మీ వాగు నీళ్లు తిరిగి తిరిగి మంజీరలోకి, అక్కణ్నుంచి గోదావరిలోకి, చివరికి మా ఊరే వస్తాయి."

జగ్గయ్య లేచి నిలబడ్డాడు. "అంటే నువ్వు కిందిదానివే! కిందోళ్లకు కిందిదానివి! విరూపాక్షా, మోసం జేస్తివి గదవయ్యా!"

మీదివాడ అంతా లేచింది. విరూపాక్షయ్య సంచిలో మొహం దాచుకుని కూలబడ్డాడు. ఇంటిపేర్లు, మేనమామలు, మరదళ్లు, షడ్డకులు, అన్నీ విచారించాడు. నీళ్ల చుట్టరికం ఒక్కటి అడగలేదు.

కృప మాత్రం కదల్లేదు. "నిజమేనండీ. మీ అందరికంటే నేనే కిందిదాన్ని. కానీ నాకు జగ్గయ్యగారూ పైవాడవారే, ఎంకయ్యగారూ పైవాడవారే."

పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి కిందివాడగా బతికిన ఎంకయ్య మెల్లగా కండువా సర్దుకున్నాడు. మీసం మీదికి చెయ్యి పోయింది.

"గట్లనా? అయితే మేము ఇడిస్తెనే గద మీకు నీళ్లు?" అన్నాడు కొత్త దర్జాతో.

"ఆఁ, మనం ఇడువాలె గద!" అన్నాడు జగ్గయ్య, అలవాటు తప్పి. "మనం" అన్నాక నాలుక కరుచుకున్నాడు గానీ అప్పటికే అందరూ విన్నారు. ఆషాఢం నుంచి ఆ ఇద్దరూ ఒకే పక్క మాట్లాడటం అదే మొదలు.

విరూపాక్షయ్య సంచిలోంచి తల ఎత్తాడు. మగపెళ్లివారు ఎదుటపడగానే, అప్పటిదాకా కొట్టుకున్న ఆడపెళ్లివారు ఒక్కటవడం ఆయన చూడనిదా?

తర్వాత కృప పని సంగతి చెప్పింది. ఒక్క పెద్ద కట్ట వద్దు. ముందు పైన గుట్ట వాలులో అడ్డంగా రాతి కట్టలు, కందకాలు. తర్వాత వాగు పొడుగునా చిన్న చిన్న అడ్డుకట్టలు. మీది బావి నిండుతుంది, కింది కంది పండుతుంది, ఆవిడ ఊరికి మట్టి తక్కువ వస్తుంది. ఇద్దరు పెద్దలూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, బేరంలో ఓడిపోలేదని నిర్ధారించుకుని, తలలూపారు. జ్యోతి సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. విరూపాక్షయ్య గొంతు సవరించాడు. నాలుగు భాషలూ ఒకేసారి మొరాయించాయి.

గోడ పక్క నుంచి జ్యోతే అడిగింది.

"మేడమ్, పైనున్నది కిందికి పోకుంట ఎన్నాళ్లు ఆపొచ్చు?"

కృప మట్టి కవరు మూతి కట్టుకుంటూ మామూలుగానే జవాబు చెప్పింది. "ఆపకూడదమ్మా. బలవంతంగా ఆపితే కట్ట తెంపుకుని పోతుంది. పరుగెత్తకుండా, నెమ్మదిగా నడిచిపోయేలా చూస్తే చాలు."

"గట్లయితే నేను నడిచే పోత" అని జ్యోతి లోపలికి వెళ్లి సంచితో వచ్చింది. సంచి ఎప్పటి నుంచో సర్ది ఉన్నట్టుంది.

నాకే కళ్లు చెమ్మగిల్లాయి, విరూపాక్షయ్య సంగతి చెప్పనక్కర్లేదు. సంచి అందుకోవడానికి వెంకట్ ముందుకు ఉరికాడు. అంతకు ముందే జగ్గయ్య దాన్ని కూతురి చేతిలోంచి లాక్కున్నాడు. మళ్లీ గొడవే అనుకున్నాం.

"దిగుడున్నది, కాలు జారుతది. నేను దించొస్త" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

దించడానికి పోయినవాడు పొద్దుగూకినా తిరిగి రాలేదు. కిందివాడ నుంచి మటన్ వాసన మాత్రం వచ్చింది.