నలభై శాతం ఛార్జి, పన్నెండు కిలోమీటర్లు

మా కరెంటు స్కూటర్ ఇంట్లో ఉండాలా, అమ్ముడుపోవాలా అన్నది ఒక ఆదివారం ఉదయం మీద ఆధారపడింది. షరతు నా భార్యది. ఆమె మూసారాంబాగ్ చర్చిలో పాటల బృందాన్ని నడిపిస్తుంది. మేముండేది అల్మాస్‌గూడలో. "ఒక్క ఆదివారం ఆలస్యమైనా సరే, మళ్ల పెట్రోల్ బండి కొనుడే" అంది.

నేను ట్రాన్స్‌పోర్ట్ గోడౌన్‌లో సరుకుల బరువులు రాసేవాణ్ణి. బడిలో రాని లెక్కలు అక్కడే నేర్చుకున్నాను. పాతది కొన్న ఆ స్కూటర్‌కు కూడా ఒక నోటుబుక్ పెట్టాను. నేనొక్కణ్ణే పోతే కిలోమీటరుకు రెండు శాతం ఛార్జి ఖర్చు. వెనకాల యాభై నాలుగు కిలోల మూట పెట్టి నడిపితే మూడు శాతం.

నా బామ్మర్దికి ఈ నోటుబుక్ అంటే నవ్వులాట. అతనిది పెట్రోల్ బైకు, వచ్చేది మా చర్చికే. "కరెంటు ఏడికెళ్లొస్తది బావా? బొగ్గు కాలిస్తేనే గదా! నీ పొగ గా కరెంటు ప్లాంటు కాడ లేస్తుంది, అంతే ఫరక్."

"గా పొగ గూడ రాసిన. అయినా నీ బైకు పొగకన్న తక్కువనే వస్తుంది."

"మరి బ్యాటరీ తయారు చేసేటప్పటి పొగ?"

అది నాకు తెలియదు. తెలియనిదాన్ని ఊహించి రాయడం ఇష్టంలేక ఆ గడి ఖాళీగా వదిలేశాను. అది చూసినప్పుడల్లా అతను పంటి బిగువున నవ్వు ఆపుకునేవాడు.

ఆ ఆదివారం లేచి చూస్తే ఛార్జి నలభై దగ్గరే ఆగి ఉంది. రాత్రి కరెంటు పోయి, ఎప్పుడో తెల్లారాక వచ్చినట్టుంది. పన్నెండు కిలోమీటర్లు, మూడు చొప్పున ముప్పై ఆరు. నాలుగు మిగులుతుంది. "ఏం పరేషాన్ కాకు" అని ఆమెను ఎక్కించుకున్నాను. చర్చి భోజనాలకు చేసిన పెరుగన్నం గిన్నె కాళ్ల దగ్గర పెట్టాను. గిన్నెను ముందే తూచాను, ఆరు కిలోలు.

ఆరు కిలోమీటర్లు పోయి ఎల్బీనగర్ చేరేసరికి ఇరవై రెండు ఉండాలి. పంతొమ్మిదే ఉంది. ఈ లెక్కన మిగతా ఆరుకు ఇరవై ఒకటి కావాలి. బండి పక్కకు ఆపాను.

"ఏమైందయ్యా?"

"రెండు శాతం తక్కువ పడుతుంది."

ఆమె నా జేబులోంచి నోటుబుక్ లాగింది. "నా బరువు ఎంత రాసినవ్?"

"నలభై ఎనిమిది. గిన్నెతోని కలిపి యాభై నాలుగు."

"ఎవలు చెప్పిన్రు?"

"దవాఖాన చీటీల ఉండె."

"ఏ చీటీ? పెద్దది కడుపుల ఉన్నప్పటిదా? ఇరవై రెండేండ్లాయె! గిన్నెను తూచినవ్ గని, నన్ను అడగనీకి నోరు రాలేదా?"

రాలేదు. లారీకి పది కిలోలు ఎక్కువైనా పట్టుకునేవాణ్ణి, ఇంట్లో అడగడానికి మాత్రం ధైర్యం చాలలేదు. ఆమె రోడ్డు మీదే పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక తలెత్తి మెట్రో స్టేషన్ వైపు చూసింది. "గిన్నె నువ్వు తే. నేను రైల్ల పోత" అని చీర సర్దుకుని చకచకా మెట్లెక్కేసింది.

బరువు దిగిన బండి హాయిగా పోయింది. దిల్‌సుఖ్‌నగర్ దాటేటప్పుడు రైలు నా నెత్తి మీదుగా పోయింది. అందులో ఆమె ఉందనే అనుకున్నాను. నేను గిన్నెతో చర్చికి చేరేసరికి ఆరు శాతం మిగిలింది. లోపల మొదటి పాట ఎత్తుకున్న గొంతు ఆమెదే.

బామ్మర్ది మూడో పాటకు వచ్చాడు. కొత్తపేట దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడట. భోజనాల దగ్గర సంగతంతా విని ఎగిరి గంతేశాడు. "అక్క బరువే రాయనోడివి, దునియా పొగ లెక్క రాస్తవా బావా? స్కూటర్ ఓడినట్టే. అక్కను తెచ్చింది మెట్రో!"

"మెట్రో ఏమన్న పెట్రోల్ తాగుతదారా?" అంది నా భార్య, అతని పళ్లెంలో ఇంకో గరిటె పెరుగన్నం వేస్తూ. "నేను ఆలస్యం కాలే. స్కూటర్ ఉంటది."

సాయంత్రం నోటుబుక్ అడిగి తీసుకుని నలభై ఎనిమిదిని కొట్టేసింది. పక్కన తన చేత్తో డెబ్బై అని రాసింది. ఆ ఉదయం ఖర్చయిన ఛార్జిని బట్టి నా లెక్కకు డెబ్బై అయిదు వచ్చింది. ఆ అయిదు కిలోలను అల్మాస్‌గూడ రోడ్డు గుంతల కింద రాసుకున్నాను.