మనవడి కరక్కాయ

ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చిన మొదటి సాయంత్రం కాటన్‌పేటలో బస్సు దిగుతూంటే కాలు బెణికింది. మర్నాడు జిగణి ఫ్యాక్టరీలో చేరాలి. వాచిన పాదం బూటులో పట్టదు. పక్కనే గడపలో కూర్చున్న తెలుగు అవ్వ నన్ను లోపలికి పిలిచి, సానరాయి మీద కరక్కాయ అరగదీసింది.

"ఇది మా మనవడి కడుపునొప్పి కాయప్పా. మా ఇంటి బిడ్డలకు తప్ప ఇంకొకరికి వాడము."

"మరి నాకెందుకవ్వా?"

"నువ్వేమన్నా పెద్దోడివా? బస్సు దిగేది కూడా రాదే!"

ఆ గంధాన్ని వెచ్చచేసి పట్టు వేసింది. తెల్లారేసరికి నొప్పి, వాపు చాలావరకు తగ్గాయి. లేసులు వదులు చేస్తే బూటు ఎక్కింది.

ఆదివారం మిఠాయి పట్టుకుని వెళ్ళాను. అవ్వ ఒళ్ళోని పసివాణ్ణి నావైపు తిప్పింది.

"చూడప్పా, మీ అన్న వచ్చినాడు."