బస్సు మూలకు జరిగింది

తెలంగాణ ఉద్యమం రోజుల్లో జగిత్యాల వెళ్తుంటే కోరుట్ల దగ్గర మా బస్సు ఆగిపోయింది. జనం రోడ్డు మీదే వంటావార్పు పెట్టారు. తారు మీద రాళ్ల పొయ్యిలు, వాటిపై గుండిగల్లో అన్నం. మాది రాజమండ్రి. నోరు తెరిస్తే యాసతో పట్టేస్తారని భయపడి, చెట్టు నీడన కూర్చుని బొమ్మల పుస్తకం తీశాను. ముందు ఇంకు గీతలు, అవి ఆరాక పల్చగా నీటిరంగులు, ఇదీ నా పద్ధతి. కాగితం నిండా బస్సును పెట్టి, మనుషుల్ని వెనక చుక్కల్లా సర్దాను.

గరిటె పట్టుకున్న ఒకామె వంగి చూసింది. అందరూ లచ్చవ్వ అని పిలుస్తున్నారు.

"గీ బొమ్మల నేనేడున్న?"

"ఈ చుక్క మీరేనండి."

అంతే, దొరికిపోయాను.

"మీది ఆంధ్రనా బిడ్డా? అయితేంది! గని బస్సును ఆపింది మేం గదా, బొమ్మల గదే గింత పెద్దగున్నదేంది?"

నవ్వొచ్చింది. పేజీ తిప్పాను. ఈసారి నట్టనడుమ పొయ్యి, గరిటెతో లచ్చవ్వ, చుట్టూ జనం. బస్సు ఓ మూలకు. పొగ కోసం కాగితాన్ని తెల్లగానే వదిలేశాను. రంగు కలపడానికి నీళ్లు ఆమే చెంబుతో తెచ్చింది.

తడి ఆరకముందే బొమ్మను లాక్కుని పైకెత్తింది. "జై తెలంగాణ!" అని రోడ్డంతా మోగింది. మా డ్రైవరు మెడ సాచి, "నా బస్సేదవ్వా?" అన్నాడు.

"మూలకున్నది సూడు. అన్నం తిన్నంక పోతది" అంటూ లచ్చవ్వ మొదటి విస్తరి తెచ్చి నా చేతిలో పెట్టింది.