తలల మీద స్కేలు

మా బాబాయిది కటింగు షాపు. కత్తెర పట్టి పాతికేళ్లయింది, గిటారు పట్టి ఎనిమిది నెలలే. సంగీతం క్లాసులో ఆయన తోటి విద్యార్థులంతా పదేళ్ల పిల్లలు. "అంకుల్, హోంవర్క్ చేశారా?" అని వాళ్లు అడుగుతుంటే నాకు ఒళ్లు మండేది. ఆయనకు మాత్రం మహా సరదా.

ఆ ఏటి కచేరీలో చోటు కావాలంటే మాస్టారు పరీక్ష పెట్టారు. స్కేలులోని స్వరాలను మూడేసి చొప్పున, ఒకటి రెండు మూడు, రెండు మూడు నాలుగు అంటూ పైదాకా ఎక్కాలి, మళ్లీ అదే వరుసలో దిగాలి. ఒక్కటి తప్పినా చోటు లేదు. "మా ఆయన స్టేజీ ఎక్కుతున్నారు" అని పిన్ని అప్పటికే వీధంతా టాంటాం వేసేసింది. తప్పితే బాబాయి ఇక తలెత్తుకు తిరగలేడు.

షాపులో సాధనకు తీరికెక్కడిది? అందుకని ఆయన కస్టమర్ల తలలు పట్టుకున్నాడు. కటింగయ్యాక చేసే మాలిష్‌లో, ఎడమచేతి వేళ్లతో నుదుటి నుంచి నడినెత్తి దాకా ఒకటి రెండు మూడు, రెండు మూడు నాలుగు. హుషారొస్తే చెవుల పక్కన ఒకటి మూడు అయిదు అంటూ, స్వరం విడిచి స్వరం మీటే ఆర్పెజియోలు. రిటైరైన బ్యాంకు మేనేజరుగారి తల మీద ఒక్క వెంట్రుక లేదు, అయినా వారానికి మూడుసార్లు కటింగుకు వచ్చేవారు. "ఆయనది మంచి గిటారు రా" అనేవాడు బాబాయి భక్తిగా.

వచ్చిన చిక్కల్లా ఒకటే. వేళ్లు నడినెత్తికి చేరేసరికి బెంచీ మీద కూర్చున్నవాళ్లు గోల పెట్టేవారు. బాబాయి గుడ్డ దులిపి, తర్వాతి తలను కుర్చీలో కూర్చోబెట్టేవాడు. దిగడం ఏ తల మీదా జరగలేదు. ఆ సంగతి ఆయనకూ తట్టలేదు, మహా తెలివిగలవాణ్ణనుకునే నాకూ తట్టలేదు.

పరీక్షకు నేనూ పిన్నీ వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాం. బాబాయి వేళ్లు స్కేలు పైకెక్కిన తీరుకు పిల్లలు నోళ్లు తెరిచారు. చివరి స్వరం ఖంగుమంది. అంతే, ఆయన భుజం మీది తువ్వాలు తీసి గిటారు మెడ దులిపి, "అయిపోయింది సార్, అద్దంలో చూస్కోండి. తర్వాత ఎవరండీ?" అన్నాడు.

గది గొల్లుమంది. బాబాయి మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"మరి దిగండి" అన్నారు మాస్టారు.

వేళ్లు కదిలితేగా! "తలేదైనా ఉంటే వస్తుందండీ" అన్నాడు బాబాయి, ఏడుపొక్కటే తక్కువగా.

మాస్టారు టోపీ తీసేసి ఆయన ముందు కూర్చున్నారు. "సరే, కానివ్వండి. నేను లెక్కపెడతాను."

వేళ్లు నడినెత్తి నుంచి దిగసాగాయి. ఆరు అయిదు నాలుగు దగ్గరే మాస్టారి గురక మొదలైంది. అంతా అయ్యాక పిన్ని లేచి వెళ్లి మాస్టారి భుజం తట్టి లేపింది.

"ఒక్కటీ తప్పలేదు మాస్టారూ. నేను విన్నాను."

తల మీద ఏం వినబడుతుంది పిన్నీ అని అడగబోయి, ఆవిడ కళ్లు చూసి నోరు మూసుకున్నాను. మాస్టారు మటుకు నిద్రపోయానని ఒప్పుకోలేక, కచేరీ జాబితాలో బాబాయి పేరు రాసుకున్నారు.